కదలిక లేని విద్యార్థిని

పరుగు అనేది ఎవరి సాయమూ, ఎవరి సంతకమూ లేకుండా జరిగిపోయే పని కావడం మా హైస్కూలుకు చాలాకాలం తీరని లోటుగా ఉండేది. ముప్పై ఏళ్ల అవిశ్రాంత కృషితో ఆ లోటును పూడ్చారు. ఇప్పుడు మా హైస్కూల్లో ఒక పిల్ల వంద మీటర్లు పరిగెత్తాలంటే పదకొండు మంది పెద్దలు కూర్చోవాలి. దీనినే ప్రగతి అంటారని క్రీడాభివృద్ధి విభాగం గోడ మీద నీలం రంగుతో రాసి ఉంది.

నేను ఆ బడిలోనే చదివాను. ఇప్పుడు మా అమ్మాయి అక్కడే తొమ్మిదో తరగతి చదువుతోంది. కాబట్టి ఈ ప్రగతిని మొదటి నుంచీ చివరి నుంచీ చూసిన సాక్షిని నేనే. ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం నా ఉద్యోగం. ఎవరు ఏం రాసినా ఆఖరి అక్షరం దాకా చదవకుండా వదలలేకపోవడం ఆ ఉద్యోగం అంటించిన జబ్బు. (మా ఆవిడ తలనొప్పి మాత్ర అడిగితే, అట్ట మీద ఉన్నదంతా చదివాకే ఇస్తాను. అప్పటికి ఒక్కోసారి తలనొప్పి తగ్గిపోయి ఉంటుంది.)

మా రోజుల్లో ఆటల విభాగం అంటే డ్రిల్లు మాస్టారు. విభాగమూ ఆయనే, సిబ్బందీ ఆయనే. మెడలో ఒక ఈల, చేతిలో ఒక సున్నం డబ్బా, అంతే ఆస్తి. మైదానంలో సున్నంతో గీత గీసేవారు. ఆ గీత ఎప్పుడూ కొంచెం ఎడమకు లాగేది. ఎడమ చివర నిలబడ్డవాడికి రెండడుగులు కలిసొచ్చేవి కాబట్టి ఆ చోటు కోసం పొద్దున్నుంచే తోపులాట ఉండేది. ఎంపిక విధానం ఏమిటంటే, ఆయన ఈల ఊదేవారు, మేం పరిగెత్తేవాళ్లం. ముందొచ్చినవాడు అంతర పాఠశాలల పోటీలకు వెళ్లేవాడు. అందరికన్నా వెనక వచ్చినవాడు గీత చెరిగిన చోట మళ్లీ సున్నం పోసేవాడు. నేను మూడేళ్లు సున్నం పోశాను.

ఈ పద్ధతిలో ఒక ఘోరమైన లోపం ఉందని తర్వాతి తరం గుర్తించింది. ఎవరు ముందొచ్చారో అందరికీ కనబడిపోయేది. ఇక చర్చించడానికి ఏమీ మిగిలేది కాదు.

చర్చించడానికి ఒక కమిటీ వేశారు. కమిటీ కూర్చోవడానికి మైదానం తూర్పు వైపు ఒక గది కట్టారు. గదికి దారి వేశారు. దారిన వచ్చే వాహనాలకు నీడ కోసం ఒక షెడ్డు వేశారు. పదేళ్లు గడిచేసరికి కమిటీ విభాగంగా ఎదిగింది, గది రెండంతస్తుల భవనంగా ఎదిగింది, షెడ్డు కూడా తన శక్తికొద్దీ ఎదిగింది. మిగిలిన మూడో వంతు మైదానంలో పచ్చిక పెంచి చుట్టూ తాడు కట్టారు. 'మన మైదానాన్ని కాపాడుకుందాం' అని బోర్డు పెట్టారు. ఎవరి నుంచో రాయలేదు. చదివే పిల్లలకు అర్థమవుతుందని కాబోలు.

డ్రిల్లు మాస్టారిని ఎవరూ తీసేయలేదు. పేరు మాత్రం మార్చారు. ఇప్పుడు ఆయన శారీరక చలన సమాచార సహాయకులు. ఈల శబ్ద నియంత్రణ కిందికి వచ్చింది కాబట్టి దాన్ని సొరుగులో పెట్టి, రెండో అంతస్తులో కంప్యూటర్ ముందు కూర్చుని, పిల్లల కదలికలను అంకెలుగా ఎక్కిస్తుంటారు. ఇంకో మూడు నెలల్లో రిటైరవుతారు. మోకాళ్లు అరిగిపోయాయి. (ఆయన రోజుకు రెండుసార్లు ఆ మెట్లు ఎక్కి దిగడం తప్ప, ఆ భవనంలో వేరే వ్యాయామం జరిగినట్టు ఆధారాలు లేవు.)

ఇలా అంతా సవ్యంగా సాగుతుండగా, ఒక సాయంత్రం మా అమ్మాయి బ్యాగు కుర్చీలో పడేసి, "నాన్నా, ఎనిమిది వందల మీటర్లకి పేరిద్దామనుకుంటున్నా" అంది.

"మంచిదే. ఎవరికివ్వాలి?"

"అదే ఎవరికీ తెలీట్లేదు."

మా ఇంటి నుంచి బడి కిలోమీటరున్నర. బడి గంట కొట్టడానికి సరిగ్గా ఏడు నిమిషాల ముందు మా అమ్మాయి, వీపు మీద బ్యాగుతో, నోట్లో సగం బ్రెడ్డు ముక్కతో గడప దాటుతుంది. మూడేళ్లలో ఒక్క రోజు కూడా ఆలస్యంగా వెళ్లలేదు. దీనిని వాళ్లమ్మ బద్ధకం అంటుంది. నేను సాధన అంటాను. మొత్తానికి పిల్లకి పరుగంటే ప్రాణం అన్న సంగతి ఇద్దరికీ తెలుసు. తెలియనిది విభాగానికే.

ఎందుకంటే విభాగానికి తెలియాలంటే 'చైతన్యం' యాప్‌లో తెలియాలి. పోటీలకు పేరివ్వాలనుకునే విద్యార్థి తొంభై రోజుల కదలికలు ఆ యాప్‌లో నమోదై ఉండాలి. కదలికలను ఫోను లెక్కపెడుతుంది. అయితే బడిలోకి ఫోను తేవడం నిషేధం. ఈ రెండు నియమాలకూ పొత్తు కుదర్చడానికి విభాగం ఒక మార్గం కనిపెట్టింది. పిల్లలు పొద్దున్నే ఫోన్లను గేటు దగ్గర ఆయమ్మకు అప్పగించాలి.

ఆయమ్మ వాటిని రెండు బుట్టల్లో వేసుకుని ఆఫీసుకు తీసుకెళ్తుంది. ఆఫీసులో చోటు లేదంటారు. లైబ్రరీకి తీసుకెళ్తుంది. అక్కడ ఫోన్లు మోగితే చదువుకునేవాళ్లకు ఇబ్బంది అంటారు. సైన్సు ల్యాబుకు, అక్కడి నుంచి స్టోరు రూముకు, మళ్లీ ఆఫీసుకు. సాయంత్రానికి ఆయమ్మ పద్దెనిమిది వేల అడుగులు నడుస్తుంది. ఫోన్లు అప్పగించిన నలభై ఒక్క మంది పిల్లలూ పద్దెనిమిది వేల అడుగులు నడిచినట్టు నమోదవుతుంది. ఒక్క అడుగు ఎక్కువ లేదు, ఒక్క అడుగు తక్కువ లేదు. 'విద్యార్థుల మధ్య అసాధారణమైన సమతుల్యత సాధించాం' అని విభాగం వార్షిక నివేదికలో రాసుకుంది. పదో తరగతి అబ్బాయి ఒకడు కాలు విరిగి మూడు వారాలు మంచం మీదున్నాడు. ఫోను మాత్రం చెల్లెలి చేత బడికి పంపేవాడు. అతని ప్రగతి చెక్కు చెదరలేదు.

మా అమ్మాయికి ఫోను లేదు.

పేరివ్వడానికి వెళ్లిన మూడో రోజున నాకు విభాగం నుంచి సందేశం వచ్చింది. మా అమ్మాయి కదలికలు గత తొంభై రోజుల్లో సున్నా అనీ, ఆమెను 'కదలిక లేని విద్యార్థిని' వర్గంలో చేర్చామనీ, తల్లిదండ్రులు ఆందోళన చెందవద్దనీ దాని సారాంశం. నివారణ చర్యగా రోజూ ఆఖరి పీరియడ్ ఆమెను కౌన్సెలింగ్ గదిలో కూర్చోబెడతారు. ఆఖరిది ఆటల పీరియడ్. బడిలో, తాడు అవతల, షెడ్డు చుట్టూ తను పరిగెత్తే సమయం అదొక్కటే.

"అక్కడేం చేస్తారు?" అని అడిగాను.

"ఒక మేడమ్ వస్తారు. కదలడం ఎందుకు ముఖ్యమో చెప్తారు. నలభై నిమిషాలు." బ్యాగు జిప్పు లాగుతూ, "మధ్యలో లేస్తే మళ్లీ మొదటి నుంచి చెప్తారు" అంది. నవ్వుతూ మొదలుపెట్టింది కానీ, చివరిదాకా నవ్వలేదు. లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు సెలవు పెట్టి విభాగానికి వెళ్లాను. సమన్వయాధికారి మర్యాదస్థుడు. కుర్చీ చూపించాడు, మంచినీళ్లు తెప్పించాడు.

"మా అమ్మాయి రోజూ బడికి పరిగెత్తుకుంటూనే వస్తుందండీ" అన్నాను.

"చాలా సంతోషమండీ. ఎవరు చెప్పారు?"

"చెప్పడమేంటండీ, నేను చూస్తున్నాను కదా."

"మీరు చూడటం వేరు, నమోదవ్వడం వేరు" అన్నాడు, నొప్పించకుండా. "ఒక ఫోను కొనివ్వండి. పొద్దున్నే గేటు దగ్గర ఇచ్చేస్తే చాలు. పాప కష్టపడక్కర్లేదు, మిగతాదంతా సిస్టమే చూసుకుంటుంది."

"ఇప్పుడు కొంటే తొంభై రోజులు ఎప్పటికవుతాయి? పోటీలు ఇంకో రెండు వారాల్లో కదా."

"వచ్చే ఏడాదికి బ్రహ్మాండంగా సరిపోతాయి." తర్వాత కిటికీలోంచి, తాడు కట్టిన పచ్చిక వైపు చూస్తూ, "నేనూ చిన్నప్పుడు హైజంప్ చేసేవాణ్ణండీ. మా బళ్లో ఫస్టు" అన్నాడు. "అప్పట్లో ఏదీ నమోదు చేసేవారు కాదు. ఇప్పుడు చెప్తే మా పిల్లలే నమ్మరు."

ఆ మాట దగ్గర అతని మీద నాకు కోపం పోయింది. దానివల్ల పని మాత్రం కాలేదు.

దిగి వస్తుంటే మెట్ల మలుపులో డ్రిల్లు మాస్టారు రెయిలింగ్ పట్టుకుని ఆయాసం తీర్చుకుంటున్నారు. నన్ను చూసి కళ్లు చికిలించారు.

"నువ్వు సున్నం వాడివి కదూ?"

"అవును మాస్టారూ."

"ఆ పిల్ల నీ కూతురని మొన్ననే తెలిసింది. పై కిటికీలోంచి రోజూ చూస్తున్నా, గేటు దాకా పరిగెత్తుకొస్తుంది. చేతులు మరీ పైకి లేపుతోంది. దించమను."

"మీరే చెప్పొచ్చు కదా."

"నేను చెప్పకూడదు. శిక్షణ అనేది శిక్షకుడి పని. ఆయన వచ్చేదాకా ఎవరూ ఏమీ నేర్పకూడదని ఉంది."

"ఎప్పుడొస్తాడు?"

"ఆరేళ్లుగా నియామకం జరుగుతూ ఉంది."

"మరి ఈ ఆరేళ్లూ పోటీలకి ఎవరు వెళ్లారు మాస్టారూ?"

"మనుషులెవరూ వెళ్లలేదు" అన్నారు. "నలభై ఒక్క మందీ ఫస్టే అయితే ఎవర్ని పంపుతారు? నివేదిక పంపుతున్నారు."

ఆయన ఒక మెట్టు ఎక్కి మళ్లీ ఆగారు. "నీది చదివే ఉద్యోగమట కదా. ఈ నియమావళి రెండొందల పన్నెండు పేజీలు. రాసినవాళ్లు కూడా చదివినట్టు లేరు. పట్టుకెళ్తావా?"

మూడు సాయంత్రాలు చదివాను. నూట ఎనభై ఏడో పేజీలో, పచ్చికకు నీళ్లు పట్టే వేళలకూ, షెడ్డులో వాహనాలు నిలిపే వరసకూ మధ్య, ఒక వాక్యం కనిపించింది. 'ఈ నియమావళి అమలులోకి వచ్చిన నాటి నుండి, అంతకు పూర్వమున్న నియమములన్నియు రద్దు కావు.'

రద్దు కాగలవు అని ఉండాలి. 'గల' ఎగిరిపోయింది.

ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో తప్పు కనబడగానే చెయ్యి దానంతట అదే ఎర్ర పెన్ను వైపు పోతుంది. ఆ రోజు ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

పూర్వమున్న నియమాలు ఎక్కడున్నాయని అడిగితే, మాస్టారు తన బీరువాలోంచి అట్ట ఊడిన రిజిస్టరు ఒకటి తీశారు. మొదటి హెడ్మాస్టరు చేతిరాత. నియమాలన్నీ కలిపి ఒకటే. 'అంతర పాఠశాలల పోటీలకు డ్రిల్లు మాస్టారు ఎవరిని పంపిన వారు వెళ్లవలెను.'

ఆ రెండూ తీసుకుని హెడ్మిస్ట్రెస్ గదికి వెళ్లాం. సమన్వయాధికారిని కూడా పిలిపించారు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చదివారు.

"ఇది అచ్చుతప్పేమో కదండీ?" అని నన్ను అడిగారు.

"వాక్యానికి కర్త ఉంది, క్రియ ఉంది, అర్థం స్పష్టంగా ఉందమ్మా" అన్నాను. (ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఇంటికెళ్లాక మళ్లీ సరిచూసుకున్నాను.)

"దీన్ని మార్చాలంటే?" అని ఆమె సమన్వయాధికారి వైపు తిరిగారు.

"సవరణ సంఘం కూర్చోవాలండీ. పోటీలయ్యాక కూర్చుంటుంది." అతను నియమావళి తిరగేసి, "అయినా మేడమ్, డ్రిల్లు మాస్టారనే పోస్టే ఇప్పుడు లేదు కదా" అన్నాడు.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "సర్వీసు పుస్తకంలో ఆ పేరే ఉందండీ. మార్చమని నాలుగుసార్లు అర్జీ పెట్టుకున్నా. పరిశీలనలో ఉంది."

చివరికి హెడ్మిస్ట్రెస్ రిజిస్టరు మూసి ఆయన చేతికిచ్చారు.

"మీరు ఎవర్ని పంపుతారు?"

"పరిగెత్తే పిల్లని పంపుతానండీ."

పోటీలకు పది రోజుల గడువుంది. మైదానానికి తాడుంది. అందుకని మా ఇంటి నుంచి బడి దాకా ఉన్న రోడ్డే మైదానమైంది. మాస్టారు తెల్లవారగానే మా వీధి మలుపులో, మూసి ఉన్న టైలరు కొట్టు అరుగు మీద, పరుగు కొలిచే పాత గడియారంతో కూర్చునేవారు. మా అమ్మాయి జీవితంలో మొదటిసారి అలారం కన్నా ముందు లేచింది. (వాళ్లమ్మ ఒళ్లు కాలుతోందేమోనని నుదురు పట్టుకు చూసింది.) ఈల లేదు కాబట్టి ఆయన చప్పట్లు కొట్టేవారు. "చేతులు" అనేవారు. ఇంకేం చెప్పేవారు కాదు. తను అరుగు దాటి వెళ్లేటప్పుడల్లా ఆ ఒక్క మాటే. "చేతులు. చేతులు."

"నాన్నా, నీకు కూడా ఈ మాస్టారేనా నేర్పింది?" అని ఒకరోజు ఆయాసపడుతూ అడిగింది.

"నాకు సున్నం పోయడం నేర్పారమ్మా."

"బాగా పోసేవాడు" అన్నారు మాస్టారు, గడియారం మీంచి చూపు తిప్పకుండా.

పోటీలు వేరే బడి మైదానంలో జరిగాయి. ఎనిమిది గీతల్లో మూడు ఖాళీ. ఆ మూడు బళ్ల నుంచీ నివేదికలు వచ్చాయట. మిగిలిన ఐదుగురిలో మా అమ్మాయిది చివరి గీత. రెండు చుట్లు తిరగాలి. మొదటి చుట్టులో మా అమ్మాయి ఐదోది. అంటే ఆఖరిది. ఆ స్థానం ఎలా ఉంటుందో ఆ మైదానంలో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మాస్టారు నా భుజం పట్టుకుని నిలబడ్డారు. మోకాళ్ల నొప్పికి పట్టుకున్నారనుకున్నాను.

రెండో చుట్టు మలుపు దగ్గర తను చేతులు దించింది. అక్కడి నుంచి ఒకమ్మాయిని దాటింది. ఆఖరి వంద మీటర్లలో ఇంకొకరిని దాటింది. నా భుజం మీద చెయ్యి ఎముక దాకా దిగింది. గీత దాటాక ఆగలేక ముందుకు పడి, మోకాలు దోక్కుపోయి, కూర్చుని మా కోసం చుట్టూ చూసింది. మూడో స్థానం.

నేను పరిగెత్తాను. (ముప్పై ఏళ్లలో మొదటిసారి. నమోదు కాలేదు.) మాస్టారు మెల్లగా, కర్ర లేకపోయినా కర్ర ఉన్నట్టు నడుస్తూ వచ్చారు. తను రక్తం తుడుచుకుంటూ, "ఇంకొంచెం ముందు దించితే రెండోది వచ్చేదా మాస్టారూ?" అని అడిగింది.

"వచ్చేది" అన్నారు. ఇంకేదో అనబోయి, గడియారంలో ఏదో చూడాల్సినట్టు అటు తిరిగారు. గడియారం ఎప్పుడో ఆపేసి ఉంది.

సోమవారం విభాగం ప్రకటన వెలువడింది. కదలిక లేని ఒక విద్యార్థిని, కేవలం రెండు వారాల కౌన్సెలింగ్‌తో, అంతర పాఠశాలల స్థాయిలో మూడో స్థానానికి చేరిందనీ, కూర్చోబెట్టి మాట్లాడటంలో ఉన్న శక్తికి ఇంతకంటే రుజువు అక్కర్లేదనీ అందులో రాశారు. వచ్చే ఏడాది నుంచి నలభై ఒక్క మందినీ కూర్చోబెట్టాలని నిర్ణయించారు. సమన్వయాధికారి మా అమ్మాయిని పిలిచి చెయ్యి కలిపాడు. చుట్టూ ఎవరూ లేకుండా చూసి, "హైజంప్ ఎప్పుడైనా చేశావా?" అని మెల్లగా అడిగాడట.

సవరణ సంఘం కూర్చుంది. కొత్త ప్రతి మా ప్రెస్సుకే వచ్చింది. నూట ఎనభై ఏడో పేజీలో 'గల' ఉందో లేదో చూసి పంపడం నా పని. చూసి పంపాను. మాస్టారు రిటైరయ్యారు. సర్వీసు పుస్తకంలో పేరు మార్పు ఆ మర్నాడు మంజూరైంది.

ఆ వారమే నాకు ఇంకో సందేశం వచ్చింది. ఆరేళ్లుగా మా హైస్కూలు ఆటల్లో ఏ విద్యార్థికీ ఒక్క గాయం కూడా కాలేదట. దానికి వరసగా ఆరు ప్రశంసాపత్రాలు వచ్చాయట. మా అమ్మాయి మోకాలితో ఆ వరస తెగిపోయింది కాబట్టి, గాయానికి కారణం ఏమిటో తల్లిదండ్రులు ఏడు రోజుల్లోగా యాప్‌లో తెలియజేయాలి. తెరిచి చూశాను. కారణాల జాబితాలో మెట్లు, తలుపు, కుర్చీ, తడి నేల అని నాలుగున్నాయి. ఇతరములు అన్నది కూడా లేదు.

సమన్వయాధికారికి ఫోన్ చేశాను. "ఇందులో పరుగు అని లేదేంటండీ?"

అతను తన దగ్గరున్న జాబితా తెరిచి ఓపిగ్గా చూశాడు. "ఆటల విభాగంలో పరుగు వల్ల ఇంతవరకూ ఎవరికీ దెబ్బ తగల్లేదండీ" అన్నాడు.

'కుర్చీ' నొక్కాను. వెంటనే ఆమోదించారు.